ఉద్యమ గాయకుడు పార్టీలో చేరితే, ఆయన పాటను నమ్ముకున్న శ్రోత ఏం చేయాలి?

ప్రశ్న
రాసినవారు: ఒక కళాసమితి కార్యదర్శి, సిద్దిపేట

మా పట్టణంలోని ఒక చిన్న కళాసమితి ఏటా ఉగాది మరునాడు పాటల సభ నిర్వహిస్తుంది. ఈసారి ఎవరిని పిలవాలన్న దగ్గర కమిటీ రెండుగా చీలింది. తెలంగాణ ఉద్యమకాలంలో ఈ ప్రాంతంలోని కూడలి కూడలిలోనూ పాడిన ఒక గాయకుణ్ణి పిలుద్దామని కొందరు ప్రతిపాదించారు. ఆయన పేరు ఇక్కడ రాయడం మర్యాద కాదు. రాష్ట్రం వచ్చాక ఆయన ఒక పార్టీలో చేరి, పదవి పొంది, ఆ పార్టీ అధికారం కోల్పోయాక కొంతకాలం మౌనంగా ఉండి, ఇప్పుడు మళ్ళీ వేదికలెక్కుతున్నారని చెబితే చాలు. ఈ వర్ణనకు సరిపోయేవారు ఒకరికి మించి ఉన్నారు కనుక ఎవరినీ ఊహించుకోవద్దని మనవి.

పిలవవద్దంటున్నవారు ఆయన పాటలు తెలియనివారు కారు. సకల జనుల సమ్మె రోజుల్లో ఆయన బృందానికి తమ ఇళ్ళలో అన్నం పెట్టినవారు, ఆయన సీడీలను సొంత డబ్బుతో కొని పంచినవారు వారిలో ఉన్నారు. ఆ పాటలు ఇప్పటికీ వారికి కంఠతా వచ్చు. అయితే ఆయన పదవిలో ఉన్న కాలంలో రైతుల గురించి గానీ, నిరుద్యోగుల గురించి గానీ, 2019లో ఆర్టీసీ కార్మికులు సమ్మె చేసినప్పుడు గానీ ఒక్క చరణం కూడా పాడలేదన్నది వారి ఆరోపణ. పిలుద్దామన్నవారి వాదన మరొకటి. కవికీ గాయకుడికీ కూడా ఓటుహక్కు ఉన్నట్టే పార్టీలో చేరే హక్కూ ఉందని, వ్యక్తి ఎటు వెళ్ళినా పాట పాటేనని, మనం పార్టీ సభ పెట్టడం లేదు కదా అని వారు అంటున్నారు.

రెండు పక్షాల మాటల్లోనూ నాకు కొంత నిజం కనిపిస్తోంది. కాబట్టి ఇక్కడి పెద్దలను అడుగుతున్నాను. గాయకుల రాజకీయ నిర్ణయాలకు అభిమానులు గతంలో ఎలా స్పందించారు? ఆ స్పందనలలో న్యాయమైనది ఏది, కేవలం కోపంతో పుట్టినది ఏది? అన్నిటికన్నా ముఖ్యంగా, మా వంటి చిన్న సమితి ఈ సందర్భంలో ఏ పద్ధతి పాటిస్తే బాగుంటుంది? ఏ పార్టీ మంచిదన్న చర్చ మాత్రం దయచేసి ఇక్కడ వద్దు.

జవాబు
రాసినవారు: విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, హనుమకొండ

కార్యదర్శిగారూ, మీ కమిటీలో వద్దంటున్నవారు గాయకుడికి రాజకీయాలు ఎందుకని అడగడం లేదన్నది గమనించండి. తమతో కలిసి నడిచిన రాజకీయాన్ని ఎందుకు విడిచావని అడుగుతున్నారు. ఇతర దేశాల్లో, ఆ మాటకొస్తే మన పొరుగున చెన్నై సభల్లో కూడా, సాధారణంగా వినిపించే ఫిర్యాదుకు ఇది పూర్తిగా తలకిందులు. దీనికి కారణం మన పాట చరిత్రలోనే ఉంది. నిజాం వ్యతిరేక పోరాటకాలంలో బండి యాదగిరి, సుద్దాల హనుమంతు వంటివారి పాట దళంతో పాటు నడిచింది. బుర్రకథను అటు నిజాం ప్రభుత్వమూ ఇటు మద్రాసు ప్రభుత్వమూ నిషేధించిన రోజులున్నాయి. అటువంటి చోట శ్రోత టిక్కెట్టు కొని వచ్చిన రసికుడు కాడు, అదే పోరాటంలో పాలుపంచుకున్న మనిషి. కనుక గాయకుడు పక్కకు జరిగితే అతనికి కలిగే బాధ నచ్చని కచేరి విన్నవాడి బాధ వంటిది కాదు.

గద్దర్ జీవితాన్ని చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. గుమ్మడి విఠల్‌రావు అనే బ్యాంకు ఉద్యోగి 1972లో ఏర్పడిన, నక్సలైట్ ఉద్యమానికి పాటగా నిలిచిన జననాట్యమండలిలో ప్రధాన గాయకుడయ్యాడు, 1984లో కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలాడు, ఆ మరుసటి ఏడు అజ్ఞాతంలోకి వెళ్ళాడు. 1990 ఫిబ్రవరిలో ఆయన బయటికి వచ్చాక నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు వచ్చిన జనాన్ని చూసినవారు ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటారు. 1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లోని ఆయన ఇంటి దగ్గర కాల్పులు జరిగాయి. అప్పుడు దిగిన తూటాల్లో ఒకటి చివరివరకూ ఆయన వెన్నులోనే ఉండిపోయింది. అప్పటివరకూ అభిమానులకు ఏ సందేహమూ లేదు.

సందేహాలు ఆ తరువాత మొదలయ్యాయి. ఆయన గుళ్ళకు వెళ్ళినప్పుడు కొందరు నొచ్చుకున్నారు. ఎన్నికలను బహిష్కరించమని దశాబ్దాల పాటు పిలుపునిచ్చిన ఉద్యమానికి గొంతుగా నిలిచిన మనిషి 2018 డిసెంబరులో జీవితంలో మొదటిసారి ఓటు వేసినప్పుడు, అంతకుముందే కాంగ్రెస్ నాయకులతో వేదిక పంచుకున్నప్పుడు, పాత సహచరులలో చాలామంది దాన్ని పతనంగానే చూశారు. అదే పనిని మరికొందరు, ముఖ్యంగా రాజ్యాంగాన్ని కాపాడుకోవాలన్న ఆయన మాటను అంబేడ్కర్ వైపు నుంచి విన్న దళిత యువకులు, ఎదుగుదలగా చూశారు. 2023 జూన్‌లో ఆయన సొంత పార్టీ ప్రకటించాడు, జూలై 2న ఖమ్మంలో రాహుల్ గాంధీ సభకు వెళ్ళాడు, ఆగస్టు 6న కన్నుమూశాడు.

మరణం తరువాత వచ్చిన స్పందనలు ఇంకా విచిత్రం. ఆయన విమర్శించిన ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. నక్సలైట్ల చేతిలో మరణించిన పోలీసుల తరఫున మాట్లాడుతున్నామంటూ కొందరు ఆ లాంఛనాలకు అభ్యంతరం చెప్పారు. మావోయిస్టు పార్టీ సంతాప ప్రకటన విడుదల చేస్తూనే, పాలకవర్గ పార్టీలతో కలిసి వెళ్ళినందుకు నోటీసు ఇచ్చామని, 2012లో ఆయన రాజీనామాను ఆమోదించామని అందులో గుర్తు చేసింది. ఒకే మనిషిని ఇన్ని వైపుల నుంచి సొంతం చేసుకుంటూ, ఇన్ని వైపుల నుంచి తప్పుపట్టిన సందర్భం మన పాటల చరిత్రలో మరొకటి నాకు తోచదు.

ఇందులో మీకు పనికివచ్చే సంగతి ఒకటుంది. 2023 నవంబరు ఎన్నికల్లో ఆయన కుమార్తె వెన్నెల సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి పోటీచేసి ఓడిపోయారు. ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. నియోజకవర్గ రాజకీయాలకు వాటి లెక్కలు వాటికి ఉంటాయి కానీ, పాటమీది ప్రేమ ఓటుగా మారుతుందని నాయకులు అనుకునేంత అమాయకంగా శ్రోతలు ఉండరని మాత్రం దాన్నిబట్టి చెప్పవచ్చు. పార్టీలోకి వెళ్ళిన గాయకుడి వెంట అభిమానులు కట్టకట్టుకుని ఆ పార్టీలోకి వెళ్ళరు. ఆయన పాత పాటను తమ దగ్గరే ఉంచుకుని, ఆయన్ను ఒక్కడినే పంపిస్తారు.

అందుచేత నా సలహా ఇది. పిలవండి, పాడించండి, కానీ సన్మానం చేయకండి. శాలువా కప్పితే అది ఆ మనిషి జీవితం మొత్తానికి మీ సమితి వేసిన ముద్ర అవుతుంది, పాట పాడించడానికి అంత అర్థం ఉండదు. ‘ఒరేయ్ రిక్షా’ చిత్రంలోని పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని గద్దర్ తిరస్కరించాడు. అదే నంది స్థానంలో తెలంగాణ ప్రభుత్వం ఇప్పుడు సినిమా పురస్కారాలను గద్దర్ పేరుతో ఇస్తోంది, 2025 జూన్‌లో మొదటిసారి ప్రదానం కూడా చేసింది. సన్మానాలు ఎంత త్వరగా ఎటు తిరుగుతాయో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

జవాబు
రాసినవారు: డప్పు కళాకారుడు, సూర్యాపేట

అధ్యాపకులవారు చెప్పిన చరిత్రకు నేను అడ్డు చెప్పను. అయితే పాటగాడు ఏం తిని బతకాలన్న ప్రశ్న కార్యదర్శిగారి లేఖలోనూ లేదు, ఆ జవాబులోనూ లేదు.

ఉద్యమకాలంలో ధూం ధాం జరిగిన ప్రతిచోటా మాకు చప్పట్లు వచ్చాయి, భోజనం వచ్చింది, వెళ్ళేటప్పుడు బస్సు ఛార్జీలు వచ్చాయి. ఇంట్లో పిల్లల ఫీజుల గురించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పుకోలేదు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వ సంస్థ అయిన తెలంగాణ సాంస్కృతిక సారథిలో సుమారు 550 మంది కళాకారులకు నెలజీతం దొరికింది. నాకు రాలేదు, నాతో పాడినవారిలో కొందరికి వచ్చింది. వారు ఆ రోజు నుంచి ప్రభుత్వ పథకాల మీద పాడారు, ఎందుకంటే వారి ఉద్యోగమే అది. ప్రభుత్వం మారాక కొత్త పథకాల మీద పాడుతున్నారు. నిన్న చప్పట్లు కొట్టినవారే ఇవాళ వారిని అమ్ముడుపోయారని ఫేస్‌బుక్‌లో రాస్తున్నారు. రాసేవారిలో నెలజీతం తీసుకునే ప్రభుత్వోద్యోగులు ఎంతమందో ఒకసారి లెక్కపెట్టుకుంటే మంచిది.

పెద్ద పదవులు పొందినవారి సంగతి వేరు, నిజమే. మానకొండూరు ఎమ్మెల్యేగా రెండుసార్లు గెలిచిన రసమయి బాలకిషన్ గారిని, 2020లో గవర్నర్ కోటాలో ఎమ్మెల్సీ అయిన గోరటి వెంకన్న గారిని ప్రశ్నించే హక్కు జనానికి ఉంది. ఎందుకంటే పాటతో పాటు అధికారంలో కూడా వారికి పాలు దక్కింది. కానీ నెలజీతపు కళాకారుణ్ణి, ఎమ్మెల్యేను ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. జనం కోపం మాత్రం ఎప్పుడూ దగ్గరలో ఉన్నవాడి మీదికే పోతుంది. ఎమ్మెల్సీని నిలదీయడానికి హైదరాబాదు వెళ్ళాలి, డప్పు కొట్టేవాడు పక్క వీధిలోనే దొరుకుతాడు.

గద్దర్, అందెశ్రీ, గూడ అంజయ్య వంటి తొమ్మిదిమందికి ప్రభుత్వం 2024 డిసెంబరులో ఇంటిస్థలం, కోటి రూపాయలు ప్రకటించినప్పుడు నాకు సంతోషమే కలిగింది. కానీ అందులో కొందరు అప్పటికే ఈ లోకంలో లేరు. బతికి ఉండగా ఆ మాట అనడానికి ఎవరికీ తీరిక దొరకలేదు.

సిద్దిపేట సమితివారిని నేను అడిగేది ఒకటే. ఆ గాయకుడికి మీరు పారితోషికం ఇస్తారా, లేక అభిమానంతో వచ్చి పాడమంటారా? ఉచితంగా పాడించుకుని, ఆపై ఆయన నిజాయితీని తూకం వేస్తామంటే ఆ తూకం చెల్లదు. ముందు ఆయనకూ ఆయన వెంట వచ్చే వాద్యగాళ్ళకూ ఎంత ఇస్తారో తేల్చండి, ఆ తరువాత మిగతా చర్చ.

జవాబు
రాసినవారు: కర్ణాటక సంగీత శ్రోత, హైదరాబాదు

చెన్నై సభల్లో ఫిర్యాదు తలకిందులుగా ఉంటుందని అధ్యాపకులవారు అన్న మాటను కొంచెం విస్తరించాలనిపించింది. మార్గశిర మాసపు కచేరీల కోసం ఏటా అక్కడికి వెళ్ళే తెలుగువారిలో నేనూ ఒకణ్ణి. అక్కడ పాడేది చాలావరకు మన భాషే కనుక ఈ వివాదం మనకు పరాయిది కాదు.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 2024 మార్చిలో గాయకుడు టి.ఎం. కృష్ణకు సంగీత కళానిధి అనే బిరుదు ప్రకటించింది. ఆయన అప్పటికే చాలాకాలంగా కర్ణాటక సంగీతంలో కులాధిక్యం గురించి రాస్తున్నాడు, జాలర్ల పేట ఊరూర్ ఓల్కాట్ కుప్పంలో సంగీతోత్సవం జరపడంలో పాలుపంచుకున్నాడు, 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందాడు. ప్రకటన వచ్చిన కొద్ది రోజులకే రంజని, గాయత్రి సోదరీమణులు తాము ఆ ఏడాది అకాడమీలో పాడబోమని ప్రకటించారు. ద్రవిడ ఉద్యమ నాయకుడు పెరియార్‌ను కృష్ణ కీర్తించడాన్ని వారు ముఖ్యమైన అభ్యంతరంగా చూపారు. మరికొందరు కళాకారులు వారిని అనుసరించారు. చిత్రవీణ రవికిరణ్ తనకు లోగడ ఇచ్చిన సంగీత కళానిధిని తిరిగి ఇచ్చేస్తున్నట్టు చెప్పారు. అకాడమీ అధ్యక్షుడు ఎన్. మురళి నిర్ణయాన్ని మార్చలేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరుతో ‘ది హిందూ’ ఇచ్చే పురస్కారం కృష్ణకు ఇవ్వరాదని ఆమె మనుమడు న్యాయస్థానానికి వెళ్ళడం, అది మద్రాసు హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు వరకు సాగడం, 2024 డిసెంబరు 16న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడం పత్రికల్లో చదివే ఉంటారు. సంగీత కళానిధి బిరుదును మాత్రం ఆయన 2025 జనవరి 1న స్వీకరించాడు.

ఇక్కడ నన్ను ఆలోచింపజేసినది శ్రోతల తీరు. కృష్ణను తప్పుపట్టినవారిలో చాలామంది సంగీతంలోకి రాజకీయాలు తేవద్దని అన్నారు. అదే నోటితో వారు రంజని, గాయత్రుల నిర్ణయాన్ని మెచ్చుకున్నారు. కచేరీని మానుకుంటున్నామని, ఫలానా భావజాలం కారణమని బహిరంగంగా చెప్పడం రాజకీయ వైఖరి కాకపోతే మరేమిటి? నేను వారి నిర్ణయాన్ని తప్పు పట్టడం లేదు. నమ్మిన దానికోసం పెద్ద వేదికను వదులుకోవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం కృష్ణకూ ఉంది. అతడు 2015లోనే డిసెంబరు కచేరీల నుంచి తప్పుకున్నాడు. తమకు నచ్చిన వైఖరి కనబడితే దాన్ని విలువలంటారు, నచ్చనిది కనబడితే రాజకీయమంటారు. సభా రసికుల స్పందనలో న్యాయం లోపించేది సరిగ్గా ఈ చోటనే.

మరొక సంగతి కూడా చెప్పాలి. 2018లో క్రైస్తవ కీర్తనలు పాడినందుకు ఓ.ఎస్. అరుణ్ వంటి గాయకులకు బెదిరింపులు వచ్చినప్పుడు, వారిలో ఎవరూ ఏ రాజకీయ ప్రకటనా చేసినవారు కారు. అరుణ్ ఆ కచేరీని రద్దు చేసుకున్నారు. దానికి జవాబుగా ఏసుమీదా అల్లామీదా నెలకొక పాట విడుదల చేస్తానని కృష్ణ ప్రకటించగానే అమెరికాలోని మేరీలాండ్ శివవిష్ణు ఆలయం ఆయన కచేరీని రద్దు చేసింది, నవంబరులో ఢిల్లీలో జరగవలసిన మరో కచేరీ వాయిదా పడింది. ఆ కచేరీ జరగవలసిన రోజునే ఢిల్లీ ప్రభుత్వం ఆయన్ను పిలిచి పాడించింది. పిలిచినవారూ రాజకీయులే, ఆపినవారి మీది ఒత్తిడీ రాజకీయమే, మధ్యలో పాట వినాలని వచ్చిన మనిషిని ఎవరూ సంప్రదించలేదు.

సిద్దిపేట సమితికి నా విన్నపం ఒకటే. పిలిచే ముందు ఎంతైనా వాదించుకోండి, పిలిచాక మాత్రం ఎవరి ఒత్తిడికీ లొంగి రద్దు చేయకండి. పిలవకపోవడం మీ అభిరుచి అనిపించుకుంటుంది. పిలిచి వద్దనడం అవమానం, ఆ అవమానం తరువాత ఆ గాయకుడి పాటకన్నా పెద్ద వార్త అవుతుంది.

జవాబు
రాసినవారు: సినిమా పాటల అభిమాని, విజయవాడ

ఒక చిన్న మాట చేరుస్తాను. 2022 ఏప్రిల్‌లో ఇళయరాజా ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో ప్రధాని మోదీని అంబేడ్కర్‌తో పోల్చినప్పుడు తమిళనాట పెద్ద దుమారం రేగింది. జూలైలో ఆయన రాజ్యసభకు నామినేట్ కావడంతో అది ఇంకా పెరిగింది. ఆయన్ను తమవాడిగా చూసుకున్న అంబేడ్కర్‌వాదులు బాధపడ్డారు. తెలుగునాట ఆయన పాటలు వినని ఇల్లు అరుదు, అయినా నాకు తెలిసిన అభిమానులలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. మనకు ఆయన బాణీతోనే సంబంధం, వారికి ఆయన పుట్టుకతోనూ ప్రయాణంతోనూ కూడా సంబంధం ఉంది. కనుక అభిమానుల కోపం గాయకుడు తీసుకున్న వైఖరిని బట్టి కాక, అంతకుముందు ఆ అభిమానులు ఆయనలో ఎంత భాగం తమదనుకున్నారన్న దాన్ని బట్టి ఉంటుందని నాకు తోస్తుంది. సిద్దిపేటలో కోపం ఎక్కువగా ఉండటం ఆ గాయకుడికి ఒక విధంగా గౌరవమే.

జవాబు
రాసినవారు: ప్రవాస తెలంగాణ సంఘం సభ్యుడు, డాలస్

నేనుండే ఊరికి చెందిన ఒక సంగీత బృందం కథ ఇక్కడ ఉపయోగపడవచ్చు. డిక్సీ చిక్స్ అనే ముగ్గురు స్త్రీల బృందం డాలస్‌లో వీధి కూడళ్ళలో వాయించడంతో మొదలై అమెరికా కంట్రీ సంగీతంలో అగ్రస్థానానికి ఎదిగింది. 2003 మార్చి 10న, ఇరాక్ యుద్ధం ఇంకా కొద్ది రోజుల్లో మొదలవుతుందనగా, లండన్ వేదిక మీద గాయని నాటలీ మేన్స్ తమకు ఈ యుద్ధం ఇష్టం లేదని, అధ్యక్షుడు బుష్ తమ టెక్సాస్‌వాడు కావడం తమకు సిగ్గుగా ఉందని అన్నది. అప్పుడు వారి పాట ఒకటి కంట్రీ పట్టికలో మొదటి స్థానంలో ఉంది. కొద్ది వారాల్లో అది రేడియోలో వినిపించకుండా పోయింది. లూసియానాలో వారి సీడీలను ట్రాక్టరుతో తొక్కించారు. కొలరాడోలో వారి పాటలు వేసినందుకు ఇద్దరు రేడియో వ్యాఖ్యాతలను ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు.

అయితే ఆ ఏడాది వారి కచేరీలకు ముందే టిక్కెట్లు కొన్నవారు అధిక సంఖ్యలో వచ్చారు. రేడియో సంస్థలు చూపిన భయమూ, ట్రాక్టరు దగ్గర గుమిగూడినవారి అరుపులూ కలిసి అభిమానులందరి అభిప్రాయంగా చలామణి అయ్యాయి. నష్టం జరగలేదనడం కూడా తప్పే. 2006 యాత్రలో టిక్కెట్లు అమ్ముడుపోక కొన్ని ఊళ్ళలో కచేరీలు మానుకోవలసి వచ్చింది. ఆ పాత శ్రోతలలో చాలామంది తిరిగి రాలేదు, వేరే శ్రోతలు వచ్చారు. 2007లో వారికి ఐదు గ్రామీ పురస్కారాలు వచ్చాయి, కంట్రీ రేడియో మాత్రం మునుపటిలా వారిని దగ్గరకు తీయలేదు.

ఇక్కడ మా సంఘం బతుకమ్మకూ జూన్ 2 వేడుకలకూ తెలంగాణ నుంచి గాయకులను పిలిచేటప్పుడు ఇదే తలనొప్పి. సభ్యులలో అన్ని పార్టీలవారూ ఉంటారు. 2024లో రాష్ట్రగీతానికి కీరవాణి సంగీతం కూర్చినప్పుడు అందెశ్రీ గీతాన్ని ఆంధ్ర ప్రాంతపు సంగీతదర్శకుడికి ఎలా ఇస్తారని తెలంగాణ సినీ సంగీతకారుల సంఘం అభ్యంతరం చెప్పింది గదా, ఆ చర్చ ఇక్కడా మా వాట్సాప్ సమూహాన్ని రెండు ముక్కలు చేసింది. వేడుక రోజున ఆ పాట మొదలైతే ఇరుపక్షాలూ లేచి నిలబడ్డాయి. 2023 ఎన్నికల ప్రచార గీతాల సంగతి ఇంకా తమాషా. గులాబీ జెండా పాటకు ఇక్కడి పెళ్ళి బరాత్‌లలో మూడు రంగుల జెండావారు కూడా ఆడారు, మూడు రంగుల జెండా పాట వస్తే గులాబీవారూ ఆడారు. డప్పు బాగుంటే కాళ్ళు పార్టీని అడగవు.

ఎవరి వాదన గట్టిగా వినిపిస్తోందో చూసి నిర్ణయించవద్దని నా సలహా. ఎవరు పాడబోతున్నారో నెలరోజుల ముందే ప్రకటించండి. ఇష్టం లేనివారు రాకుండా ఉండగలిగే స్వేచ్ఛ వారికి ఇవ్వండి, వచ్చినవారికి వినే స్వేచ్ఛ దొరుకుతుంది. గైరుహాజరు కూడా ఒక స్పందనే, దాన్ని ద్రోహంగా చూడకూడదు.

తిరుగు లేఖ
రాసినవారు: కళాసమితి కార్యదర్శి, సిద్దిపేట

అందరికీ కృతజ్ఞతలు. మీ జవాబులను ముద్రించి కమిటీ సమావేశంలో చదివి వినిపించాను. డప్పు కళాకారుడిగారి ప్రశ్న చదివినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే మా అంచనా పట్టికలో షామియానాకూ మైకుకూ భోజనాలకూ డబ్బు ఉంది కానీ గాయకుడి పేరు ఎదురుగా ఏమీ రాసి లేదు. ఆ పట్టికను సవరించాము. వాద్యగాళ్ళకు విడిగా ఇవ్వాలని కూడా రాసుకున్నాము.

పిలవాలని తీర్మానమైంది. శాలువా, జ్ఞాపిక వద్దనుకున్నాము. వేదిక మీద ఏ పార్టీ ప్రజాప్రతినిధికీ కుర్చీ ఉండదు, కింద వరుసల్లో ఎవరైనా కూర్చోవచ్చు. పాటలయ్యాక అరగంట సేపు శ్రోతలు ఆయనను నేరుగా ప్రశ్నించవచ్చునన్న సూచన వద్దన్నవారి నుంచే వచ్చింది. ఆర్టీసీ సమ్మె గురించి అడుగుతామని వారు ముందే చెప్పారు. ఇద్దరు సభ్యులు మాత్రం తాము ఆ సాయంత్రం రామని, అయినా చందా ఇస్తామని రాసి ఇచ్చారు. డాలస్ మిత్రుడు చెప్పినట్టు దాన్ని ఎవరూ తప్పుగా తీసుకోలేదు.

నిన్న ఆ గాయకుడితో ఫోనులో మాట్లాడి ఈ పద్ధతంతా వివరించాను. ప్రశ్నలకు సిద్ధమేనన్నారు, సన్మానం లేకపోవడం తనకు హాయేనన్నారు. అయితే పదవిలో ఉన్నప్పుడు చెరువుల పూడికతీత మీద తాను కట్టిన పాటను కూడా పాడతానని, అది ప్రభుత్వ పథకం మీది పాట కనుక వద్దంటే ఉద్యమ పాటలు కూడా పాడనని షరతు పెట్టారు. అది మంచి పాటేనని కమిటీలో కొందరు, అది ప్రచార గీతమని కొందరు అంటున్నారు. ఈ ఒక్క పాట మీద ఆదివారం మళ్ళీ సమావేశమవుతున్నాము. అంతలోపు ఎవరైనా ఆ విషయం మీద రాయదలిస్తే చదివి కమిటీ ముందు పెడతాను.